ఒంపేసే నీళ్లలో ఏం పోతోంది?

పొయ్యి మీద రెండు గిన్నెలు ఉడుకుతున్నాయి. ఒకదాంట్లో ఉలవలు, రెండోదాంట్లో గోరుచిక్కుడు కాయలు. ఉలవలు మెత్తబడ్డాక ఆ కట్టును జాగ్రత్తగా వేరే గిన్నెలోకి ఒంపుతారు. చింతపండు పులుసు కలిపి, సన్నసెగ మీద గంటల తరబడి మరిగించి, ఎండుమిరపకాయ, ఇంగువలతో తాలింపు పెడతారు. ఉలవచారు సిద్ధం. పెళ్లి భోజనంలో దాని మీద మీగడ వేసుకుని తినడం ఒక వైభోగం. ఉలవలు పశువులకు, కట్టు మనుషులకు అని పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న లెక్క.

పక్క గిన్నెలో గోరుచిక్కుడు కూడా ఉడికింది. దాన్ని చిల్లుల గిన్నెలో వారుస్తారు. ముక్కలు తాలింపులోకి పోతాయి, లేత ఆకుపచ్చ నీళ్లు సింకులోకి పోతాయి.

ఒకే పొయ్యి, ఒకే వంటచెయ్యి. ఒక గిన్నె నీళ్లకు అంత మర్యాద, రెండో గిన్నె నీళ్లకు తూము దారి. గోరుచిక్కుడుతో పాటు చిక్కుడు, బీన్స్, క్యాబేజీ, అరటికాయ, బంగాళదుంప, బీట్‌రూట్ ఇలా ఉడకేసి వార్చే కూరలు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. ఆ నీళ్లలో ఏం ఉందో, ఏది గిన్నెలోకి రావాలో, ఏది మొక్కకు పోవాలో, ఏది నిజంగానే సింకులోకి పోవాలో తెలుసుకుంటే ప్రతి పూటా జరిగే ఒక నష్టాన్ని తగ్గించుకోవచ్చు.

పాత తెలుగు లోగిళ్లలో ఈ నీళ్లకు దారులుండేవి. బియ్యం కడిగిన కడుగు, అన్నం వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, కూర ఉడికించిన నీళ్లు కుడితి తొట్టిలో చేరేవి. సాయంత్రం గేదె ఆ కుడితి తాగేది. గంజిలో కొంత పులిసి తరవాణి అయ్యేది, కొంత నూలు చీరకు బిగువయ్యేది. వంటింటి తూము నీళ్లు పెరట్లో అరటి పాదుకు పారేవి. అపార్ట్‌మెంటులో గేదె లేదు, అరటి పాదు లేదు. ఆ నీళ్లకు మిగిలిన దారి సింకు ఒక్కటే.

రెండు గిన్నెల ప్రయోగం

ఉడికిన నీళ్లలోకి ఏం దిగుతుందో కంటితో చూడాలంటే ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. రెండు గిన్నెల్లో చెరో గ్లాసు నీళ్లు పోసి, ఒకదాంట్లో బీట్‌రూట్ ముక్కలు, ఇంకోదాంట్లో క్యారెట్ ముక్కలు వేసి పది నిమిషాలు ఉడికించాలి. బీట్‌రూట్ నీళ్లు చిక్కటి ఎరుపుకు తిరుగుతాయి. క్యారెట్ నీళ్లు మాత్రం లేత పసుపు దాటవు. అవే క్యారెట్ ముక్కల్ని తీసి కాగిన నూనెలో వేస్తే, కాసేపటికి ఆ నూనె నారింజ రంగు పట్టుకుంటుంది.

కారణం తేలికే. బీట్‌రూట్‌కు ఎరుపునిచ్చే బెటానిన్ నీళ్లలో కరుగుతుంది. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ నీళ్లలో కరగదు, కొవ్వులోనే కరుగుతుంది.

విటమిన్లు కూడా సరిగ్గా ఇలాగే రెండు జట్లుగా విడిపోతాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి. కూర ఉడికించి వార్చినా ఇవి చాలావరకు ముక్కల్లోనే ఉంటాయి. సి విటమిన్, బి కుటుంబంలోని విటమిన్లన్నీ నీళ్లలో కరిగేవి. పొటాషియం, మెగ్నీషియం వంటి ఖనిజ లవణాలు కూడా కొంత నీళ్లలోకి దిగిపోతాయి. బీట్‌రూట్ ఎరుపు కంటికి కనిపిస్తుంది కాబట్టి తెలుస్తుంది. వీటిలో చాలావాటికి రంగు లేదు, కాబట్టి పోతున్నట్టే తెలియదు.

పచ్చి కూరగాయలో ప్రతి కణమూ ఒక మూత బిగించిన డబ్బా లాంటిది. లోపలి రసం బయటికి రాకుండా కణం చుట్టూ పలచటి పొర కాపలా ఉంటుంది. వేడి తగిలాక ఆ పొర పట్టు తప్పుతుంది. కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పెక్టిన్ కూడా కరగడం మొదలవుతుంది. మనం మెత్తబడింది అంటున్నది దీన్నే. ఇక లోపలి లవణాలు, విటమిన్లు గాఢత తక్కువగా ఉన్న బయటి నీళ్లలోకి జారుకుంటాయి. ముక్క ఎంత చిన్నదైతే, నీళ్లు ఎంత ఎక్కువైతే, ఉడికే సమయం ఎంత పెరిగితే, పోయేది అంత ఎక్కువ.

బంగాళదుంపల మీద అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2008లో అచ్చయింది. దుంపల్ని ఘనాల్లా కోసి ఉడికిస్తే అందులోని పొటాషియంలో దాదాపు సగం నీళ్లలోకి పోయింది. తురిమి ఉడికిస్తే దాదాపు ముప్పాతిక వంతు పోయింది. దుంప అదే. మారింది కత్తిపీట పని మాత్రమే.

పాలకూర నుంచి భీమవరం దాకా

నీళ్లలో పోయే విటమిన్లలో ముఖ్యంగా చెప్పుకోవలసింది ఫోలేట్. దీన్నే బి9 అంటారు. కొత్త రక్తకణాలు తయారు కావడానికి, గర్భంలో శిశువు వెన్నుపాము సరిగ్గా రూపుదిద్దుకోవడానికి ఇది తప్పనిసరి. దీని కథలో ఒక అంకం మన దేశంలోనే జరిగింది. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారంతో ఆ జబ్బు నయమవుతోందని 1931లో ప్రకటించారు. సారంలోని ఆ పదార్థం ఏదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను వడబోసి దాన్ని పట్టుకున్నారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు, ఫోలిక్ ఆమ్లం అన్న పేరు అందులోంచి వచ్చింది. 1945లో దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ మందుల సంస్థ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇంత శ్రమతో కనిపెట్టిన విటమిన్ వంటింట్లో ఎంత సులువుగా చేజారుతుందో 2002లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో వచ్చిన పరిశోధన చూపింది. పాలకూరను మామూలుగా నీళ్లలో ఉడికిస్తే అందులోని ఫోలేట్‌లో 49 శాతమే ఆకులో మిగిలింది. బ్రకోలీలో 44 శాతం మిగిలింది. అదే కూరగాయల్ని నీళ్లు తగలకుండా ఆవిరి మీద ఉడికిస్తే చెప్పుకోదగ్గ నష్టమే లేదు. అంటే దోషం వేడిది కాదు. తీసుకుపోయింది నీళ్లే.

అలాగని పోయినదంతా వార్చిన నీళ్లలో భద్రంగా ఉందనుకోకూడదు. సి విటమిన్‌కు వేడి, గాలి రెండూ పడవు. గిన్నెలో కొంత, నిలవ ఉంచితే మరికొంత తరిగిపోతుంది. బి విటమిన్లు కాస్త నయం. పొటాషియం వంటి ఖనిజాలకు వేడితో ఏ భయమూ లేదు, నీళ్లలోకి దిగినది దిగినట్టే ఉంటుంది. ఆకుపచ్చ రంగు చెడకుండా ఉండాలనో, గింజలు త్వరగా ఉడకాలనో వంటసోడా వేసే అలవాటుంటే మానుకోవడం మంచిది. ఆ క్షారం థయమిన్ అనే బి1 విటమిన్‌ను, సి విటమిన్‌ను ఇంకా త్వరగా పాడుచేస్తుంది.

గంజి వార్చిన జిల్లాలు

వార్చే అలవాటు ఎంత దూరం పోగలదో తెలుగువారి చరిత్రలోనే ఉదాహరణ ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి జబ్బు పాతుకుపోయిన ప్రాంతం ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే ముఖ్యంగా నేటి కోస్తాంధ్ర. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపులు, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. కారణం బి1, అంటే థయమిన్ లోపం. ఈ విటమిన్ బియ్యపు గింజ పైపొరలో ఉంటుంది. మరల్లో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యంలో ఆ పొర పోతుంది. మిగిలిన కాస్త కడుగులో కొంత, వార్చిన గంజిలో కొంత వెళ్లిపోతుంది.

ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ జబ్బు అంతగా లేదు. అక్కడా పనిచేసింది నీళ్లే, కాకపోతే ఎదురు దిశలో. వడ్లను పొట్టుతో సహా నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని థయమిన్ నీళ్లతో కలిసి గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత మర పట్టినా అది గింజలోనే ఉండిపోతుంది. నీళ్లకు పోషకాన్ని బయటికి లాగడమూ తెలుసు, లోపలికి చేర్చడమూ తెలుసు.

ఈ జబ్బు గురించి పరిశోధించడానికే 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న బెరిబెరి విచారణ విభాగాన్ని మొదలుపెట్టారు. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గది దాని ప్రయోగశాల. ఆ విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్)గా పేరుపొందింది. తార్నాకలో ఈనాడు మనం చూసే ఎన్ఐఎన్ పుట్టుక వెనుక తెల్లబియ్యమూ, పారబోసిన గంజీ ఉన్నాయి.

రుచి కూడా అక్కడే

పోషకాల మాట అలా ఉంచితే, వంట తెలిసినవారు ఈ నీళ్లను వదులుకోలేనిది రుచి కోసం. 1908లో టోక్యోలో రసాయన శాస్త్ర ఆచార్యుడు కికునే ఇకెడా ఒక ప్రశ్న వేసుకున్నారు. కొంబు అనే సముద్రపు నాచును ఉడికించిన నీళ్లకు ఆ కమ్మదనం ఎక్కడిది? అది తీపి కాదు, పులుపు కాదు, ఉప్పు కాదు, చేదు కాదు. ఆ నీళ్లను మరిగించి, వేరుచేసి చూస్తే దొరికింది గ్లుటమేట్. ఆ రుచికి ఆయన ఉమామి అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది గ్లుటమేట్ పొడి అజినమోటో పేరుతో బజారుకొచ్చింది.

గ్లుటమేట్ నాచులోనే కాదు, టమాటాలో, పుట్టగొడుగుల్లో, పచ్చిబఠాణీలో, మొక్కజొన్నలోనూ సహజంగా ఉంటుంది. ఉడికించినప్పుడు నీళ్లలోకి దిగుతుంది. ఒలిచిన మొక్కజొన్న కంకి బెండుల్ని నీళ్లలో మరిగించి ఆ నీళ్లతో చారు పెడితే తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది. పొడి కొనాల్సిన పని లేదు.

ఈ నీళ్ల రుచి మరిగినవారు ఇంకా ఉన్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఆకుకూరల్ని ఉప్పు పట్టించిన పంది మాంసంతో ఉడికించగా మిగిలే నీళ్లను పాట్‌లికర్ అంటారు. యజమానులు ఆకుకూర తిని నీళ్లు వదిలేస్తే, వంట చేసిన నల్లజాతి బానిసలు ఆ నీళ్లను తమ పిల్లలకు తాగించేవారని అక్కడి ఆహార చరిత్రలో చెప్పుకుంటారు. తర్వాత అది ఆ ప్రాంతమంతటికీ ఇష్టమైన వంటకమైంది. 1935 జూన్‌లో లూసియానా సెనేటర్ హ్యూయీ లాంగ్ ఒక బిల్లును అడ్డుకోవడానికి సెనేట్‌లో 15 గంటలకు పైగా మాట్లాడుతూ, మధ్యలో పాట్‌లికర్ ఎలా చేయాలో కూడా వివరించారు.

ఇంకో ఉదాహరణ మన శనగల గుగ్గిళ్లకు దగ్గరిది. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి గాయకుడు గింజలు ఉడికించిన నీళ్లను గిలకొడితే కోడిగుడ్డు తెల్లసొనలా నురగ కడుతుందని కనిపెట్టారు. 2015లో అమెరికాకు చెందిన గూస్ వోల్ట్ కాబూలీ శనగల నీళ్లు, పంచదార, ఈ రెండింటితోనే తీపి నురగ బిళ్లలు చేసి, ఆ నీళ్లకు అక్వాఫాబా అని పేరు పెట్టారు. గింజల్లోంచి నీళ్లలోకి దిగిన ప్రొటీన్లు, పిండిపదార్థాలు, సపోనిన్లు గాలి బుడగల్ని పట్టి ఉంచుతాయి. పప్పు కట్టుతో చారు కాచుకునే తెలుగువారికి ఇందులో కొత్తదనం పేరులోనే ఉంది.

ఏ నీళ్లు గిన్నెలోకి

బీన్స్, క్యారెట్, పచ్చిబఠాణీ, సొరకాయ, క్యాబేజీ, బీట్‌రూట్, మునక్కాడ, మొక్కజొన్న ఉడికించిన నీళ్లను నిశ్చింతగా వాడుకోవచ్చు. కూరగాయల్ని కోయడానికి ముందే బాగా కడగాలి. కోశాక కడిగితే ఉడకక ముందే నష్టం మొదలవుతుంది.

చారు, సాంబారు, పప్పు, పులుసు దేనికైనా మామూలు నీళ్ల బదులు ఇవి పోయవచ్చు. ఉప్మా ఎసరుగా పోస్తే రవ్వకు రుచి పడుతుంది. బీట్‌రూట్ నీళ్లతో చపాతీ పిండి కలిపితే పిల్లలు రంగు చూసే ముచ్చటపడతారు. క్యాబేజీ నీళ్లకు గంధకపు వాసన ఉంటుంది కాబట్టి మిరియాల చారులో కలపడం మేలు. కూరలో ముందే ఉప్పు వేసి ఉడికించి ఉంటే ఆ నీళ్లు పోసిన వంటలో ఉప్పు తగ్గించాలి. రక్తపోటు ఉన్న ఇళ్లలో ఈ లెక్క తప్పకూడదు.

వెంటనే వాడకపోతే చల్లార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. పోషకాలున్న నీళ్లు మనకు ఎంత ఇష్టమో సూక్ష్మక్రిములకూ అంతే ఇష్టం. రెండు రోజుల్లోపు, మళ్లీ బాగా మరిగించి వాడుకోవాలి. ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తే ఎక్కువ రోజులుంటాయి. చారు పెట్టేటప్పుడు నాలుగు గడ్డలు వేసుకుంటే సరి.

ఏ నీళ్లు సింకులోకి

కొన్ని నీళ్లను మన పెద్దలు పారబోసింది ఊరికే కాదు. కంద, చేమదుంప, చేమాకు నోరు దురద పుట్టించేది వాటిలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల. వాటి నీళ్లు వాడకూడదు. కర్రపెండలంలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. దాన్ని నీళ్లలో బాగా ఉడికించి ఆ నీళ్లు తప్పనిసరిగా పారబోయాలి. రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి నానబెట్టిన నీళ్లు వంచేసి, కొత్త నీళ్లలో గింజల్ని బాగా మరిగేలా ఉడికించాలి.

పాలకూర విషయం కొంచెం మెలికతో కూడింది. ఫోలేట్ దిగే నీళ్లలోకే ఆక్సలేట్ కూడా దిగుతుంది. కూరగాయల్ని ఉడికిస్తే కరిగే ఆక్సలేట్ రకాన్ని బట్టి 30 నుంచి 87 శాతం దాకా తగ్గిందని 2005లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. కిడ్నీలో రాళ్లున్నవారికి ఆ తగ్గుదలే కావాలి. వారు పాలకూర నీళ్లు పారబోయడమే సరి. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించుకోవాల్సిన వారికి వైద్యులు కూరగాయల్ని ఉడకేసి వార్చి తినమంటారు. ఆ ఇంట్లో వార్చిన నీళ్లు మిగతావారి చారులోకి పోవచ్చు గానీ రోగి గిన్నెలోకి రాకూడదు. ఆకుకూరల్లో నైట్రేట్లు కూడా ఎక్కువ. ఉడికిన నీళ్లు బయట నిలవ ఉంటే అవి నైట్రైట్లుగా మారవచ్చు. ఏడాది నిండని పసిపిల్లలకు ఆ నీళ్లు పట్టకూడదు.

ఇంకొక సంగతి. నీళ్లు అసలే మంచివి కానిచోట ఏ ఉపాయమూ పనిచేయదు. ఫ్లోరైడ్ మరిగిస్తే పోయేది కాదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. నల్లగొండ వంటి ప్రాంతాల్లో బోరు నీళ్లతో వండేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఏ నీళ్లు మొక్కకు

తినడానికి ఇష్టంలేని నీళ్లుంటే బాల్కనీలో కుండీలున్నాయి. రెండే షరతులు. నీళ్లు పూర్తిగా చల్లారాలి, ఉప్పు గానీ సోడా గానీ ఉండకూడదు. ఉప్పు మట్టిలో పేరుకుంటే వేళ్లు నీళ్లు పీల్చుకోలేవు. పిండి ఎక్కువగా ఉండే బంగాళదుంప నీళ్లు, గంజి రెండింతల నీళ్లు కలిపి పలచగా పోయాలి, లేకపోతే మట్టి వాసనేసి ఈగలు ముసురుతాయి. ఈ నీళ్లతో పొటాషియం వంటివి మొక్కకు కొద్దిగానే అందుతాయి. ఎరువు ఎప్పటిలాగే వేయాలి. అసలు లాభం నీళ్లే. రోజుకు ఒక్క లీటరు మిగిల్చినా ఏడాదికి 365 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు పద్దెనిమిదికి పైగా. ఎండాకాలంలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధుల్లో ఆ లెక్క చిన్నది కాదు.

అత్తెసరు పద్ధతి

వార్చిన నీళ్లను ఏం చేయాలా అని ఆలోచించేకంటే వార్చే అవసరమే లేకుండా వండటం ఇంకా మంచిది. అందుకు తెలుగులో మాటే ఉంది, అత్తెసరు. అన్నానికి సరిపడా మాత్రమే ఎసరు పెట్టి, గంజి వార్చకుండా ఇగరనిచ్చే పద్ధతి అది. కూరకూ అదే పనిచేస్తుంది. ముక్కలు కాస్త పెద్దవిగా కోసి, అడుగు తడిసేటన్ని నీళ్లు చల్లి, మూతపెట్టి సన్నసెగ మీద మగ్గించాలి. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించినా అంతే. నీళ్లే లేనప్పుడు పోవడానికి దారి ఉండదు.

రేపు ఉదయం గోరుచిక్కుడు వార్చేటప్పుడు చిల్లుల గిన్నె కింద సింకు బదులు ఒక గిన్నె పెట్టండి. మధ్యాహ్నం చారుకు ఆ నీళ్లే పొయ్యండి. ఉలవకట్టుకు ఇచ్చే మర్యాదలో సగం దీనికీ ఇస్తే చాలు.